ఊపిరి ఉండగానే

పర్చూరు దగ్గరి హైస్కూల్లో క్రిస్టీనా పీఈటీ. పెళ్ళికి ముందు జిల్లా జట్టుకి కబడ్డీ ఆడిన మనిషి. ఆమె కూతకెళ్తే అవతలి బరిలో వాళ్ళు తెలియకుండానే రెండడుగులు వెనక్కి జరిగేవాళ్ళట. నలభైకి దగ్గరపడ్డా ఆ ఒడుపు పోలేదు. పిల్లలకి నోటితో చెప్పడం ఆమెకి చేతకాదు. చున్నీ నడుముకి బిగించి తనే బరిలోకి దిగి చూపించేది.

అలాంటి మనిషి దసరా సెలవుల్లో జ్వరాన పడింది. వైరల్ జ్వరమన్నారు. భర్త ఏసుబాబుకీ వచ్చింది. అతను వారం తిరక్కుండా లేచి మిరప చేలోకి వెళ్ళిపోయాడు. ఆమెకీ జ్వరం తగ్గింది గానీ దాంతోపాటు పోవాల్సిన నీరసం పోలేదు. పొద్దున లేస్తే రాత్రంతా బస్తాలు మోసినట్టుండేది. స్నానం చేసొచ్చి కూర్చుంటే తల దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదు. పాలు పొయ్యి మీద పెట్టి, ఇక్కడెందుకు నిలబడ్డానా అనుకునేది. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడేది. పొడిదగ్గు ఒక పట్టాన వదల్లేదు.

ఏసుబాబు గుంటూరు తీసుకెళ్ళాడు. రక్తం, గుండె, ఊపిరితిత్తులు, థైరాయిడ్ అన్నీ చూసి బాగానే ఉన్నాయన్నారు.

“వైరస్ పోయినా కొంతమందికి ఇలా నెలల తరబడి ఉంటుందమ్మా. విశ్రాంతి తీసుకోండి,” అన్నాడు డాక్టరు. విశ్రాంతి ఎలా తీసుకోవాలో చెప్పేంత తీరిక ఆయనకి లేదు. బయట వరండా నిండా జనం.

రిపోర్టులు బాగున్నాయన్న మాట ఆమె కంటే ముందే ఊరు చేరింది. “మనిషి చూస్తే రాయిలా ఉంది, దీనికేం రోగం?” అంది ఏసుబాబు పెద్దమ్మ. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. ఆ కాసేపూ మనసుకి హాయిగా ఉంది. హెడ్మాస్టరు రామమూర్తిగారు మర్యాదగానే అడిగారు. “అన్నీ నార్మలేనటగా అమ్మా? మరి గ్రౌండులోకి ఎప్పుడు దిగుతున్నారు?”

నిజానికి అందరికంటే ఎక్కువగా ఆమెని నమ్మనిది ఆమే. ఒళ్ళు మొండికేస్తోంది, లొంగదియ్యాలి అనుకుంది. పళ్ళ బిగువున గ్రౌండు చుట్టూ పరిగెత్తేది. మర్నాడు మంచం దిగలేకపోయేది.

జుబేదా సంగతి చెప్పింది ఆడపడుచు రెబ్కా. రెబ్కా వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది.

“చీరాలలో ఉంటారు వదినా. ఫిజియోథెరపీ చేస్తారు. దాంతోపాటు ఆస్టియోపతి అని, చేతుల్తో చేసే వైద్యం బెంగుళూరులో నేర్చుకొచ్చారు. నా మెడనొప్పి ఆవిడ చేతుల్లోనే తగ్గింది. ఒక్కసారి పోయిరారాదా?”

జుబేదా నిదానస్తురాలు. మంచం ఎక్కమనకుండా ముందు కుర్చీలో కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. నిద్రెలా ఉంది, ఊపిరెలా ఆడుతోంది, ఏ పని చేస్తే పడిపోతున్నారు.

“పని చేసిన రోజు బాగానే ఉంటానండీ. మర్నాడో, ఆ మర్నాడో పడిపోతా. అందుకే ఎవరూ నమ్మరు.”

“నేను నమ్ముతున్నాను,” అంది జుబేదా. “ఈ జబ్బు అలాగే ఉంటుంది.”

క్రిస్టీనాకి తెలిసిన చేతివైద్యం వేరు. ఆడే రోజుల్లో పిక్కలు పట్టేస్తే మోకాలేసి మరీ పిసికేవాళ్ళు. ఇక్కడ జుబేదా ఆమెని మంచం మీద పడుకోబెట్టి, రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి ఊరుకుంది. ఇంకా మొదలుపెట్టలేదా అని అడగబోయి ఆగింది క్రిస్టీనా. కాసేపటికి తెలిసింది, ఆ చేతులు తన ఊపిరితోపాటే లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఊపిరి వదిలినప్పుడల్లా రవ్వంత నొక్కు.

“ఇక్కడిదాకా ఊపిరి రావట్లేదు చూడండి. గొంతు దగ్గరే తీసి వదిలేస్తున్నారు. నెలల తరబడి దగ్గి దగ్గి ఎముకలు బిగుసుకున్నాయి.”

ఎంతసేపయిందో, డొక్కల్లో బిగించిన తాడేదో ఒక చుట్టు వదులైనట్టయింది. ఆ తర్వాత జుబేదా చేతులు తల వెనక, మెడ మొదట్లోకి వచ్చాయి. బరువైన తలని ఇంకెవరో మోస్తుంటే ఇంత సుఖంగా ఉంటుందని క్రిస్టీనాకి తెలీదు. అక్కడే నిద్రపోయింది.

లేచాక జుబేదా చెప్పింది. “ఈ జబ్బుకి మందు నా చేతుల్లో లేదమ్మా. ఊపిరి కాస్త లోతుగా ఆడేట్టు, నిద్ర పట్టేట్టు చెయ్యగలను. అదీ అందరికీ పనిచెయ్యదు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళడం మాత్రం మానొద్దు.”

అలా చీరాల వెళ్ళొస్తుంటే, సంక్రాంతి వెళ్ళేసరికి క్రిస్టీనా మొహంలో తేడా కనిపించింది. నిద్ర నిద్రలా పడుతోంది. పిల్లలతో చెబుతున్న మాట మధ్యలో జారిపోవడం తగ్గింది. ఈ జబ్బుకి మందు తన చేతుల్లో లేదని జుబేదా చెప్పిన మాటని ఆమె మెల్లిగా మర్చిపోయింది.

మార్చిలో ఏసుబాబు మిరపకాయలు కల్లంలో ఆరబోశాడు. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే పడమట మబ్బు కమ్మింది. కల్లమంతా ఎర్రగా పరుచుకుని ఉంది, తడిస్తే ఏడాది కష్టం బూజుపట్టి పోతుంది. ఏసుబాబు పరిగెత్తాడు. వెనకే క్రిస్టీనా.

“నువ్వొద్దు, ఇంటికి పో!” అని అరిచాడతను.

ఆమె వినలేదు. పార అందుకుని కాయలు కుప్ప చేసింది. ఘాటుకి ముక్కూ కళ్ళూ కారుతున్నా టార్పాలిన్ పట్టా అంచు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తి కప్పింది, రాళ్ళు తెచ్చి బరువు పెట్టింది. చినుకులు పడేసరికి కుప్పలన్నీ పట్టాల కింద ఉన్నాయి. ఇద్దరూ తడుస్తూ నిలబడి నవ్వుకున్నారు. జ్వరం వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

సోమవారం బాగానే ఉంది. మంగళవారం మంచం మీంచి లేవలేదు. వెలుతురు చూస్తే కళ్ళు నొప్పి, మాట వింటే తలనొప్పి. ఏసుబాబు కిటికీకి దుప్పటి కట్టాడు, గ్లాసు నోటికందించాడు. “కాయలు పోతే పోయేవే,” అన్నాడు ఓసారి, ఎవరితోనో అన్నట్టు.

తేరుకుని చీరాల వెళ్ళేసరికి ఏప్రిల్ వచ్చింది. వెళ్ళిన వెంటనే కోపమంతా కక్కేసింది.

“మీ దగ్గరికొచ్చి ఏం బాగుపడ్డానండీ? మళ్ళీ మొదటికే వచ్చా.”

జుబేదా నొచ్చుకోలేదు. “మీకు కాస్త వదులైంది. దాన్ని చూసి జబ్బు పోయిందనుకున్నారు. పోలేదని నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.”

“మరి వానొస్తుంటే కూర్చుని చూడమంటారా?”

“వానొచ్చిన రోజు ఎవరైనా పరిగెడతారమ్మా. నేనడిగేది మిగతా రోజుల సంగతి. మీరు అలిసిపోయాక ఆగుతున్నారు. అలుపు రాకముందే ఆగాలి.”

“అలుపు రాకుండా ఎట్టా ఆగుతామండీ? ఒళ్ళు దాచుకున్నట్టు కాదూ?”

జుబేదా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “నాకు మీ ఆట తెలీదు. కూతకెళ్ళిన అమ్మాయి ఎప్పుడు వెనక్కి తిరుగుతుంది?”

“ఊపిరి ఉండగానే,” అంది క్రిస్టీనా ఠక్కున.

నోటితో చెప్పడం చేతకాకపోయినా, ఇన్నేళ్ళూ గ్రౌండులో గొంతు చించుకుని అరిచిన మాట అదొక్కటే. ఇంకొకర్ని తాకొచ్చన్న ఆశతో లోపలే ఉండిపోతే కూత తెగుతుంది, పట్టేస్తారు. తెలివి వచ్చిందన్న సంతోషమేమీ కలగలేదు ఆమెకి. తన కూత ఇప్పుడెంత పొట్టిదైపోయిందో తెలిసి ఏడుపొచ్చింది. జుబేదా మంచం మీద పడుకోబెట్టి, ఆ చేతులు మళ్ళీ పక్కటెముకల మీద ఆనించింది. ఏడుపుకి ఎగిసిపడుతున్న ఊపిరి చాలాసేపటికి గానీ కుదుటపడలేదు.

వేసవి సెలవులయ్యి బడి తెరిచాక క్రిస్టీనా నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. “సార్, నాకు జబ్బు తగ్గలేదు. పరిగెత్తలేను, ఎక్కువసేపు నిలబడలేను. గ్రౌండులో కుర్చీ వేసుకుని నేర్పిస్తాను.”

“కూర్చుని పీఈటీ చేస్తారా?” అన్నారు రామమూర్తిగారు.

“చూడండి సార్. కుదరకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.”

ఆయన ఒప్పుకున్నారు గానీ మొహంలో అనుమానం అలాగే ఉంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పిల్లలకి నోటితో చెప్పడం క్రిస్టీనాకి కష్టంగానే వస్తోంది. కొన్నాళ్ళు బాగుంటుంది, కొన్నాళ్ళు మంచానికే సరి. ఇంట్లో సగం కూర తరిగి కత్తిపీట వదిలేసి వెళ్ళి పడుకుంటే, మిగతా సగం ఏసుబాబు తరుగుతాడు.

మొన్న చీరాల వెళ్ళినప్పుడు అడిగింది. “ఇది పూర్తిగా పోతుందంటారా?”

“తెలీదమ్మా,” అంది జుబేదా.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. ఇదివరకైతే ముసలాళ్ళకి సీటిచ్చి కడ్డీ పట్టుకుని నిలబడే మనిషి. రెండు స్టాపులు దాటేసరికి కాళ్ళలో ఇంకా సత్తువ ఉంది. ఉండగానే, పక్క సీట్లో కూర్చున్న ఆయన వైపు వంగింది.

“ఏవండీ, నాకు ఒంట్లో బాగోదు. కాస్త సీటిస్తారా?”

ఆయన ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. “ఏమైందమ్మా? బాగానే ఉన్నారుగా?”

“చూస్తే తెలీదండి,” అంది క్రిస్టీనా.

ఆయన లేచాడు. ఆమె కూర్చుని కిటికీ అద్దం పక్కకి జరిపింది.