ఇత్తడి బిళ్ళ

గురజాల అవతల వీరరాఘవమ్మ మిరపచేలో కాయలు కోస్తున్న కూలీలు ఆకాశంలోంచి ఒక పెట్టె దిగడం చూశారు. దానిపైన పెళ్ళిపందిరంత తెల్లగుడ్డ గొడుగులా విచ్చుకుని ఉంది.

"మళ్ళీ స్కైలాబ్‌రోయ్!" అని ఎవరో కేక పెట్టారు. కొన్నేళ్ళ కిందట ఆ అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం నెత్తిన పడి అందరూ చస్తారన్న పుకారుకు ఇంట్లో కోళ్ళన్నీ కోసుకు తిన్నవాళ్ళే వాళ్ళు. గంపలు వదిలేసి పరుగెత్తారు. నెలలు నిండుతున్న సాబిరా మాత్రం పరుగెత్తలేక సాళ్ళ మధ్యే కూలబడింది. పెట్టె కాస్త దూరంలో దబ్బున పడి, ఒరిగి, మూత ఊడింది.

ఏమీ పేలలేదు. గుండె దడ తగ్గాక ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. లోపలినుంచి జారిన చిన్న ఇత్తడి బిళ్ళ మట్టిలో మెరుస్తోంది. పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకు కడదామని కొంగున ముడేసి నడుములో దోపుకుంది.

ఇంటికెళ్ళి ఆ సంగతి చెబితే, ఆయిల్ ఇంజన్ల మెకానిక్కయిన ఆమె భర్త పీర్ సాహెబ్ కంగారుపడ్డాడు.

"పోలీసోళ్ళకి తెలిస్తే లోపలేస్తారు. ఎవరితో అనమాక."

మర్నాడు హైదరాబాదు నుంచి జీపు వచ్చింది. ఊరంతా చేలో మూగింది. జీపు దిగిన శాస్త్రవేత్త లక్ష్మీనారాయణ నవ్వుతూ భయం లేదన్నాడు.

"ఆకాశంలో రెండు చుక్కలు జంటగా తిరుగుతున్నాయి. ఒకటి కంటికి కనపడని నల్లది, బ్లాక్ హోల్ అంటారు. అది రెండోదాన్ని కొంచెం కొంచెంగా లాగి మింగుతుంటే ఎక్స్‌రేలు పుడతాయి. అవి ఒక్క తీరుగా ఉండవు. ఒకప్పుడు బలం తక్కువగా, ఒకప్పుడు ఎక్కువగా మారిపోతుంటాయి. ఆ మార్పు కనిపెట్టడానికే ఈ పెట్టెను బెలూనుకు కట్టి పైకి పంపాం."

అలా చెబుతూనే వంగి పెట్టెలోకి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇందులో ఇత్తడి బిళ్ళ ఉండాలి. ఎవరు తీశారు?"

అతను పెట్టె చుట్టూ మట్టిలో వెతికాడు.

"మారింది చుక్కో, మా పెట్టో తేల్చుకోవడానికి పెట్టిన బిళ్ళ అది. దాంట్లోంచి ఎప్పుడూ ఒకే తీరు రేడియేషను వస్తుంటుంది. ఒంటికి ఆనించుకోకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళయితే అసలు దగ్గరికే రాకూడదు."

సాబిరా చెయ్యి నడుములోని ముడి మీదికి పోయింది. రాత్రంతా ఆ ముడి పొట్టకు ఆనుకునే ఉంది. ఇప్పుడూ ఉంది. గుంపులోంచి పీర్ సాహెబ్ చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కడుపులో బిడ్డ కదిలింది.

"నా దగ్గరుంది సార్," అంటూ ఆమె ముందుకొచ్చి కొంగు ముడి విప్పింది. పీర్ సాహెబ్ ముఖం తెల్లబోయింది. అది ఇంట్లోనే ఉందనుకున్నాడతను.

లక్ష్మీనారాయణ బిళ్ళను పట్టకారుతో అందుకున్నాడు. రేడియేషను కొలిచే చేతి మీటరు దగ్గర పెడితే టకటకమని మోగింది. బిళ్ళను సీసపు డబ్బాలో పెట్టి మూశాక, అదే మీటరును ఆమె చేతుల మీదా, చీర మీదా, పొట్ట మీదా తిప్పాడు. మీటరు ఎప్పుడో ఒకసారి టక్కుమంది. ఊరికే గాలిలో పట్టుకున్నా అంతేనన్నాడు.

"బిళ్ళ సీలు ఊడలేదు. లోపలి రేడియేషను పదార్థం బయటికి రాలేదు. తగిలిన రేడియేషను చానా తక్కువ. భయం లేదమ్మా."

"మీ ఇంటామెకయినా ఇదే మాట చెబుతారా?" అని అడిగింది సాబిరా.

అతను మీటరు ఆపి ఆమె వైపు తిరిగాడు.

"చెబుతాను. కానీ బిడ్డ పుట్టేదాకా నాక్కూడా నిద్ర పట్టదు."

పోలీసులెవరూ రాలేదు. ఎండాకాలంలో నరసరావుపేట ఆసుపత్రిలో సాబిరాకు ఆడపిల్ల పుట్టింది. ఏ లోపమూ లేదన్నారు. కొన్నాళ్ళకు లక్ష్మీనారాయణ తనే వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. మంచంలో కాళ్ళాడిస్తున్న పిల్లను చాలాసేపు చూసి, గోడకు చేరగిలి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక భయం లేనట్టేనా సార్?" అంది సాబిరా.

"లేదమ్మా."

ఆమె తలూపింది. అయినా పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడిందంటే చాలు, డాక్టరు కోసం పీర్ సాహెబ్ సైకిలెక్కేదాకా ఊరుకునేది కాదు.