బస్టాపులో పెద్దమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను బగ్గమ్మ అనేవారు. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో నక్కిన తప్పులను, అంటే వాళ్ళ భాషలో బగ్గులను, ఆమె పట్టినంత ఒడుపుగా ఇంకెవరూ పట్టలేరని మొదట్లో ముద్దుగా పెట్టిన పేరు. పోనుపోను అందులోని ముద్దు జారిపోయింది, పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆసుపత్రుల్లో ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో లెక్కకట్టే ప్రోగ్రాము వాళ్ళది. అందులో పిల్లల మందుల భాగమంతా ఆమె చేతుల మీదుగా పెరిగింది. దాన్ని రాసేవాళ్ళు కూర్చునే పెద్ద గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఒకరోజు ప్రచార విభాగం అమ్మాయి కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"అక్కా, కంపెనీ ప్రకటనకి మీ ఫోటో కావాలి. అమ్మాయిలెవరూ మన దగ్గర చేరట్లేదని పైవాళ్ళు ఒకటే గోల."

బగ్గమ్మ కూర్చునే మూలలో వెలుతురు చాలదన్నారు. కిటికీ పక్కన మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె ఎన్నడూ చూడని ఆకుపచ్చ అంకెలేవో తెర మీద పారించారు.

"నవ్వండక్కా. బగ్గు దొరికినప్పుడు నవ్వుతారే, అలాగ!"

"దొరికితే నవ్వుతానా? ఎవడు పెట్టాడురా దీన్ని అని తిడతాను" అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఆమెకూ నవ్వాగలేదు. కెమెరా ఆ నవ్వునే పట్టుకుంది.

నెల తిరక్కుండా ఆ నవ్వు వాళ్ళ వీధి మలుపులో బస్టాపు వెనక గోడంత అయి కూర్చుంది. 'రేపటి లోకాన్ని రాసేది ఈమే' అని కింద పెద్దపెద్ద అక్షరాలు. అత్తగారి సంబరం ఇంతా అంతా కాదు. పనున్నా లేకపోయినా ఆ దారినే వెళ్ళేది, పక్కింటివాళ్ళను చెయ్యి పట్టుకుని మరీ లాక్కెళ్ళి చూపించేది. బగ్గమ్మ కూతురైతే బడికి వెళ్తూ ఆ బొమ్మకేసి చెయ్యూపి, "టాటా పెద్దమ్మా!" అనేది. "పెద్దమ్మేమిటే?" అంటే, "నువ్వు అమ్మవి, అది పెద్ద అమ్మ" అనేది. అది విని మంచం మీదున్న భర్త కూడా నవ్వేవాడు. అతను ఎలక్ట్రీషియన్. పనిలో నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక ఆ ఇంట్లో జీతమంటే ఆమెదొక్కటే.

బొమ్మ గోడెక్కిన రోజుల్లోనే ఆఫీసులో బృందానికి లీడర్ని ఎంచుకున్నారు. ఆ పదవి చిన్నోడికి దక్కింది. చిన్నోడంటే ఆమె తర్వాత చేరినవాడు. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆమే.

"లీడరంటే రాత్రిళ్ళు ఫోన్లొస్తాయి. ఇంట్లో పాప, ఆయనకా ఒంట్లో బాగోదు. మీ మంచి కోసమే ఆలోచించాం" అన్నాడు మేనేజరు.

"నా మంచి నన్నడగరా సార్?"

ఆమె ఆ మాట అడగకుండా ఉండాల్సిందని చిన్నోడు తర్వాత కారిడార్లో మెల్లగా చెప్పాడు. నిజంగానే, బృందాన్ని కుదించాల్సి వచ్చినప్పుడు ముందు తెగింది ఆమె మెడే. ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ ఎదురుగా కూర్చుని, "మీ పని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు" అంది.

"మరి?"

"బృందాన్ని చిన్నది చేస్తున్నాం."

"చిన్నది చేయడానికి నేనే దొరికానా మేడమ్?"

ఆవిడ తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడంలో కాస్త జాలి ఉందేమోనని బగ్గమ్మ చూసింది. ఉన్నా అది ఆమెకు ఎందుకూ పనికొచ్చేది కాదు.

మంచం మీది భర్తను చూసి ఇంట్లో చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంది, మర్నాడూ అలాగే అనుకుంది. పొద్దున్నే అత్తగారు కట్టిచ్చిన టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని, గోడ మీది తన మొహానికి వీపు తిప్పి నిలబడి, ఎప్పటి బస్సే ఎక్కేది. దిగేది మాత్రం లైబ్రరీ దగ్గర. అక్కడ పేపర్లు చదివే ముసలాళ్ళ మధ్య కూర్చుని దరఖాస్తులు పెట్టేది.

ఇంటర్వ్యూలకు పిలవకేం, పిలిచారు. పని గురించి అడిగినంతసేపూ ఆమె తడుముకోలేదు. ఆ తర్వాతే ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు. "పాప చిన్నదా? ఎవరు చూసుకుంటారు?" ఒకచోట ఆమె కన్నా చాలా చిన్నవాడు, "మా కుర్రాళ్ళ మధ్య మీరు ఇమడగలరా ఆంటీ?" అన్నాడు, చాలా మర్యాదగానే. చివరికి ఒకచోట అన్నీ కుదిరేలా కనిపించాయి. ఆ ఆఫీసరు ఉన్నట్టుండి ఆమె మొహంలోకి పట్టిపట్టి చూశాడు.

"మీరు... ఆ ప్రకటనలో ఉన్నావిడ కదూ?"

"అవునండీ."

"గోడకెక్కించిన మనిషిని వాళ్ళే పంపించేశారంటే..." మిగతాది మింగేసి, కాగితాలు సర్దుకున్నాడు.

ఆమె తిన్నగా పాత ఆఫీసుకు వెళ్ళింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను అలవాటుగా సెల్యూట్ కొట్టబోయి, గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాడు. లోపలికి వదల్లేదు. ప్రచారం అమ్మాయే బయటికొచ్చింది.

"ఆ బొమ్మ తీయించమ్మా. నీకు పుణ్యముంటుంది."

"అక్కా, అప్పుడు మీరు సంతకం పెట్టారు కదా. బొమ్మ కంపెనీది."

"మొహం నాదే కదా!"

ఆ అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా చేతుల్లో ఏముందక్కా? నన్నూ ఎన్నాళ్ళు ఉంచుతారో" అని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

బస్సు దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. గోడ మీద పెద్దమ్మ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూనే ఉంది. బగ్గమ్మ సంచి కింద పడేసి, ఆ బొమ్మ అంచు పట్టుకుని లాగింది. రబ్బరులాంటి షీటు, రాలేదు. గోళ్ళతో రక్కింది, ఇంటి తాళంచెవితో గీకింది. గడ్డం దగ్గర చిన్న గాటు పడిందంతే. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు జరిగి దూరంగా నిలుచున్నారు.

"ఏయ్, ఏం చేస్తున్నారండీ? ఎందుకు చింపుతున్నారు?" అంటూ ఒక అమ్మాయి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆవిణ్ణి చూసే నేను..." అని, ఆమె మొహం చూసి, గోడ చూసి, ఆగిపోయింది.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఆ అమ్మాయికి అదే కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. సోమవారం చేరాలట. ఈ బొమ్మ ఫోటో తీసి తండ్రికి చూపించి, ఇదిగో ఇలాంటివాళ్ళు ఉంటారక్కడ అని ఒప్పించిందట.

"ఇప్పుడు నన్ను చేరమంటారా, వద్దంటారా అక్కా?"

వద్దన్న మాట బగ్గమ్మ నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల ఒళ్ళో కొత్త సంచి, కాళ్ళకి కొత్త చెప్పులు, కళ్ళలో బెదురు.

"చేరు. నువ్వు చేసిన పని నువ్వే నోరు తెరిచి చెప్పుకో, ఇంకొకళ్ళు చెబుతారని కూర్చోకు." ఇంతకన్నా చెప్పడానికి ఆమెకేమీ తోచలేదు. ఫోన్ నంబరు అడిగితే ఇచ్చింది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు ఆమె వేళ్ళ మీది నెత్తురు చూసి హడలిపోయింది. ఇక దాచడానికి ఓపిక లేదు.

"ఉద్యోగం పోయిందత్తయ్యా. ఎప్పుడో పోయింది."

"మరి రోజూ బాక్సు కట్టించుకుని ఎక్కడికెళ్తున్నావే?"

"లైబ్రరీకి."

అత్తగారు కోడలి చేతులు కుళాయి కింద పెట్టి కడుగుతూ, "ఊరందర్నీ పిలిచి చూపించానే నేను" అంది, తనలో తాను అనుకున్నట్టు. గదిలో భర్త అంతా విన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూసి బగ్గమ్మకు మొదటిసారి ఏడుపొచ్చింది.

వానాకాలం మొదలైనా పని దొరకలేదు. ఒక మధ్యాహ్నం ఆమె, అత్తగారు బంగాళాదుంపలు తరుగుతుంటే ఫోన్ మోగింది. బస్టాపులో కలిసిన అమ్మాయే.

"అక్కా, పిల్లల వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది. మన ప్రోగ్రాము మందు మోతాదు ఎక్కువ చూపిస్తోందట. ఆవిడ అనుమానించి ఆపింది గానీ... ఇక్కడ ఎవరికీ అంతుపట్టడం లేదు."

నాకేం పని, మీ చిన్నోణ్ణి అడుక్కోండి అందామనుకుంది. కానీ ఆ వార్డులో మంచాలు ఎంత చిన్నవో ఆమెకు తెలుసు, ఆ ప్రోగ్రాము రాసేటప్పుడు వెళ్ళి చూసొచ్చింది.

"పిల్లల బరువు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసి చూడు. ప్రోగ్రాము ఆగిపోవాలి. ఆగుతోందా?"

"లేదక్కా. ముందుకెళ్ళిపోతోంది."

"పెద్దవాళ్ళ బరువు వేసుకుంటోంది తల్లీ. అక్కడ నేనొక అడ్డు పెట్టాను, ఎవరో తీసేశారు. ముందు ఆసుపత్రులన్నిటికీ చెప్పించు, పిల్లల మందులు చేత్తో లెక్క కట్టుకోమను. ఆ తర్వాత నేను చెప్పినట్టు చెయ్యి."

కత్తిపీట పక్కకు నెట్టి, కళ్ళు మూసుకుని, ప్రోగ్రాములో ఒక్కో వరసా గుర్తు తెచ్చుకుని చెప్పింది. అటువైపు మీటలు టకటకలాడాయి. కాసేపటికి అక్కడి గదిలో ఎవరో హమ్మయ్య అన్నారు, చప్పట్లు వినిపించాయి. "భలే పట్టావే, కొత్తమ్మాయ్!" అన్న గొంతు చిన్నోడిది.

"అక్కా," అని గుసగుసలాడింది ఆ అమ్మాయి, "ఇది మీరు చెప్పారని చెప్పనా?"

"చెప్పు" అంది బగ్గమ్మ.

ఫోన్ మీద చెయ్యి పెట్టినట్టుంది, మాటలు మసకగా వినిపించాయి. తర్వాత కుర్చీలు జరుపుకున్న చప్పుడు.

"చెప్పానక్కా."

"ఏమన్నారు?"

"మీటింగుందని లేచి వెళ్ళారక్కా... బయటివాళ్ళకి మన ప్రోగ్రాము సంగతులు చెప్పకూడదన్నారు."

"సరే. ముందా నర్సుకి ఫోన్ చెయ్యి" అని బగ్గమ్మ పెట్టేసింది.

అత్తగారు తరగడం ఆపి ఆమెనే చూస్తోంది.

"ఎవరే? ఆఫీసువాళ్ళా?"

"అవునత్తయ్యా."

"మళ్ళీ రమ్మన్నారా?"

ఆవిడ కళ్ళలో ఆశ చూడలేక బగ్గమ్మ కత్తిపీట ముందుకు లాక్కుంది.

"లేదత్తయ్యా. ఒక మాట అడగడానికి చేశారు."