ఎర్ర బటన్ ఎవరి చేతిలో

నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాక, అరవై దాటిన వయసులో నేర్చిన అక్షరాలు. ఈ రెండు కాగితాలకే నాలుగు రోజులు పట్టింది. మిషన్లు తయారుచేసే ఇంజనీరమ్మ, "నోటిమాటగా చెబితే మావాళ్లు వినరు పెద్దమ్మా, రాసివ్వండి" అంది. అందుకని రాస్తున్నాను.

మా ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవారు. "ఊరందరి పేర్లూ రాస్తావు, నీ పెళ్లానికి నీ పేరు ఎదురుపడినా తెలీదు కదరా" అని స్నేహితులు ఏడిపించేవారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాటతోపాటు రాతా పోయింది.

ఆసుపత్రిలో ఇంజనీరమ్మ చేసిన కొత్త మిషను ఉండేది. మోచేతికీ మణికట్టుకీ మెత్తటి పట్టీలు వేసి, చేతిని మెల్లగా పైకి లేపుతుంది. చెయ్యి బిగిస్తే తన బలం తగ్గించుకుంటుంది. అదీ చాలకపోతే ఆపడానికి, తీగకు వేలాడే ఎర్ర బటన్ ఒకటి. ఆయన చెప్పలేరు కదా అని దాన్ని నాకిచ్చారు.

"ఆయనకు నొప్పి అనిపిస్తే నొక్కండి. ఎక్కడ నొక్కారో మిషను గుర్తు పెట్టుకుని, మర్నాడు అంతకు కాస్త కిందే ఆగుతుంది" అంది ఇంజనీరమ్మ.

చెయ్యి రొమ్ము దాకా లేచేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను నొక్కేసేదాన్ని. ఆయన ఎడమచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకునేవారు. భయమేమో అనుకుని, "ఆపేశాలే, నేనున్నాగా" అనేదాన్ని. రోజూ ఇదే తంతు. బోర్డు రాయాలంటే చెయ్యి భుజం దాటాలి. దాటలేదు. ఏడాది తిరక్కుండానే రెండోసారి పక్షవాతం వచ్చి పోయారు.

ఈ మధ్య మెట్ల మీద జారి నా కుడి భుజం విరిగింది. కట్టు విప్పాక అదే ఆసుపత్రి, అదే మిషను. ఇంటివాళ్లకే ఇవ్వడం అక్కడ అలవాటైపోయి, బటన్ కోడలి చేతిలో పెట్టారు. చెయ్యి లేస్తుంటే నా కళ్లవెంట నీళ్లు. నొప్పి ఉంది, కాదనను. కానీ ఆరు వారాలు కొయ్యలా పడున్న చెయ్యి లేస్తోంది. కోడలు టక్కున నొక్కింది. మళ్లీ లేస్తుంటే ఆమె బొటనవేలు కదిలింది. నేను ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని బటన్ మీంచి లాగేశాను.

"ఏడుస్తున్నారు కదా అత్తయ్యా" అంది.

"నా ఏడుపు నన్ను ఏడవనీ" అన్నాను.

అనగానే ఆమె మణికట్టు మీదున్న నా చేతిని చూసుకున్నాను. ఆ పట్టు నాకు తెలుసు. అదే చోట, అంత గట్టిగానూ. ఆయన ఆసరా కోసం పట్టుకోలేదు. బటన్ మీంచి నా చేతిని తీసేయమన్నారు.

ఇంజనీరమ్మకు చెప్పాను. వేలాడుతున్న బటన్‌ను చేతిలోకి తీసుకుంది.

"తప్పు మీది కాదు పెద్దమ్మా. బటన్ మీకిచ్చింది నేను."

"ఆయన ఎడమచెయ్యి బాగానే ఉండేది కదమ్మా. దానికెందుకు ఇవ్వలేదు?"

ఇదే రాసివ్వమంది. ఆ ప్రశ్న అప్పుడు నాకూ తోచలేదు.

ఇప్పుడు మీరు కొత్త మిషనుకు బొమ్మ గీస్తున్నారట. బటన్ రోగి మంచి చేతికి ఇవ్వండి. ఇంటివాళ్లకు ఇంకొకటి ఇవ్వండి, ఆపదకు ఉండాలి. కానీ వాళ్లు నొక్కింది రోగి నొప్పిగా గుర్తు పెట్టుకోవద్దని మిషనుకు చెప్పండి. వాళ్లు నొక్కేది వాళ్ల నొప్పికి.

నా చెయ్యి ఇప్పుడు భుజం దాటి లేస్తోంది. ఆయన రాసిన చివరి బోర్డు మా గోడకుంది, రాయించుకున్నవాడు తీసుకెళ్లడానికి రాలేదు. రోజూ దాని దుమ్ము దులుపుతాను, చదువుతాను. "ఇచ్చట తాళములు బాగుచేయబడును."

ఇట్లు,
బోర్డుల పెయింటరు గారి భార్య, అరవై ఎనిమిదేళ్లు,
ఆసుపత్రికి రెండు వీధుల అవతల, కొడుకు ఇంట్లో.