అట్టకెక్కని ముక్క

నేను ఒక కత్తెరను. వైద్య కళాశాలలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా కింద ఒక చీటీ పెట్టారు: గుండె కరెంటు మీద డాక్టర్ గజపతిగారి పరిశోధనకు వాడిన కత్తెర. ఎవరైనా దాన్ని పైకి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

పుట్టింది మీరట్‌లో, పాత లారీ స్ప్రింగు ముక్క నుంచి. పెరిగింది దర్జీ మస్తాన్ చేతుల్లో. రెండుసార్లు కొలవకుండా ఆయన నన్ను గుడ్డ మీద పెట్టేవాడు కాదు. పీలికలు కూడా పారేయక దిళ్ళలోకి దాచేవాడు. ఆయన దుకాణం మూసేసినప్పుడు, పెద్దాసుపత్రి ఈసీజీ గదిలో పనిచేసే సువార్త నన్ను కొనుక్కుంది. సర్కారు ఇచ్చిన కత్తెర కాగితాన్ని కోసేది కాదు, నమిలేది.

రోగిని బల్ల మీద పడుకోబెట్టి వైర్లు తగిలిస్తే, గుండెలోని కరెంటు పొడుగాటి కాగితం మీద గీతలుగా వచ్చేది. గుండె పై గదిలో కరెంటు పుడితే చిన్న అల, అది కింది గదికి దిగితే పెద్ద అల. ఆ కాగితాన్ని నాతో ముక్కలు చేసి సువార్త అట్ట మీద అంటించేది. జిల్లాలోని కూలీల గుండెల్లో ఈ కరెంటు దారి ఎక్కడెక్కడ తెగుతోందో గజపతిగారు పరిశోధిస్తున్నారు. ఆయనకు అట్ట ముచ్చటగా ఉండాలి. వరుసకు మూడేసి పెద్ద అలలు, అన్నీ సమానంగా. మిగతాదంతా చెత్తబుట్టలోకి. తెగిన చోటు కోసం వెతికే పెద్దమనిషి చెప్పిన పద్ధతి ఇది.

ఒకరోజు మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆదెమ్మ వచ్చింది. వారంలో మూడుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందట. మిరప ఘాటుకేనని మేస్త్రీ తేల్చేశాడట. పూట కూలి పోతుంది, తొందరగా కానివ్వమని సువార్తను బతిమాలింది. కాగితం నడుస్తుండగా ఉన్నట్టుండి పెద్ద అలలు ఆగిపోయాయి. బెత్తెడు కాగితం మీద చిన్న అలలే వరసగా వచ్చాయి. తర్వాత పెద్దవి మళ్ళీ మొదలయ్యాయి.

నన్ను వేళ్ళకు అలాగే తగిలించుకుని సువార్త గజపతిగారి దగ్గరికి పరిగెత్తింది.

"వైరు కదిలుంటుంది. అది తీసేసి నీట్‌గా అంటించమ్మా," అన్నారాయన తలెత్తకుండా.

"వైరు ఊడితే చిన్నవి కూడా రాకూడదు గదండీ."

ఆయన అప్పుడు తలెత్తారు. "నువ్వు డాక్టరువా?"

ఆమె తిరిగివచ్చి కత్తిరించింది. కోసింది నేనే, ఆ మాట దాచను. మంచి అలలు మూడేసి అట్టకెక్కాయి. కింద 'నార్మల్' అని రాసి గజపతిగారు సంతకం పెట్టారు. ఆ బెత్తెడు ముక్కను మాత్రం బుట్టలో వేయడానికి సువార్తకు చేతులు రాలేదు. బైబిల్లో పెట్టుకుంది.

నాలుగో రోజు ఆదెమ్మ మిర్చి కుప్ప మీదే పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆమె భర్త చినదాసు ఆ అట్ట పట్టుకుని మా గదికి వచ్చాడు. కేకలు వేయలేదు.

"గుండె బాగుందని రాసిచ్చారుగదమ్మా. బాగున్న గుండె ఎందుకాగింది?" అని అడిగాడు.

జవాబు బైబిల్లో ఉంది. ఉద్యోగం పోతుందని సువార్త నోరు విప్పలేదు. గజపతి మీద నాకెంత కోపమో, ఆ క్షణంలో ఆమె మీదా అంతే కోపం వచ్చింది.

పరిశోధన అచ్చయింది. ఈ జిల్లా కూలీల గుండెల్లో కరెంటు దారికి లోపమే లేదని తేలింది. ఎందుకు తేలదు? లోపం కనబడిన చోటల్లా నాతో కోయించి పారేయించారు కదా! ఆయనకు శాలువా, నాకు బీరువా.

మొన్న, ఇరవై ఏళ్ళ తర్వాత, సువార్త వచ్చింది. జుట్టంతా నెరిసింది. బీరువా తెరిపించి, రంగు వెలిసిన ఆ ముక్కను నా పక్కన పెట్టింది. అక్కడే ఉన్న విద్యార్థిని ఒకతె వంగి చూసి, పై గది కరెంటు కిందికి దిగడం లేదని ఒక్క చూపులో చెప్పేసింది.

"ఇంత స్పష్టంగా ఉంటే ఎవరూ చూడలేదా మేడమ్?"

"చూశామమ్మా. చూసే కోశాం," అంది సువార్త. ఆదెమ్మ పేరు చెప్పింది, చినదాసు అడిగిన మాటా చెప్పింది.

ఇన్నాళ్ళకు జవాబు బయటికి వచ్చింది. అడిగిన మనిషి మాత్రం అక్కడ లేడు.