నీడన ఆరాల్సిన మట్టి

మట్టి పరీక్షల గదిలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అందరూ మట్టక్క అనేవారు. పిడికెడు మట్టి వేళ్ల మధ్య నలిపితే చాలు, అది మెరకదో పల్లందో చెప్పేసేది. అలాంటి మనిషిని ఒకరోజు కేంద్రం డైరెక్టరు పిలిపించాడు. ఆయన్ని అక్కడ పెద్దసారు అంటారు.

"విదేశీ సంస్థతో ఒప్పందం కుదిరిందమ్మా. మనవాళ్ల నైపుణ్యాలు పెంచుతారట. మూడు రోజులు నువ్వూ వెళ్లు."

"దేనిమీద సార్?"

"మట్టి పరీక్షల మీదే."

అదే గదిలో మట్టి జల్లించే ముసలాయన, అందరికీ బాబాయ్, ఈ కబురు విని, "చేపకు ఈత నేర్పుతారన్నమాట" అన్నాడు. మట్టక్క నవ్వింది కానీ లోలోపల కాస్త ఆశపడింది. కొత్త సంగతి ఒక్కటైనా దొరక్కపోతుందా అనుకుంది.

శిక్షణ ఒక హోటల్ హాల్లో. ముందు రెండు వరుసల్లో అధికారులు. ఏనాడూ గోళ్లలో మట్టి చేరని చేతులు. వెనక వరుసల్లో పన్నెండు కేంద్రాల టెక్నీషియన్లు.

రెండో రోజు శిక్షకుడు తెరమీద ఒక బొమ్మ చూపించాడు. పరీక్షకు ముందు మట్టిని ఆరబెట్టి జల్లించే వరుస అది: నాలుగు ట్రేలు, వాటి మధ్య బాణం గుర్తులు. ఆ బొమ్మ మట్టక్క గీసిందే. ఆరేళ్ల కిందట ఆ సంస్థవాళ్లు వచ్చి తన నోటుపుస్తకాన్ని పేజీ పేజీ ఫొటోలు తీసుకున్నారు. 'జల్లెడ' అనే మాటలో తను ఒత్తు మరిచి రాసింది, అది కూడా అలాగే ఉంది. కింద మాత్రం పెద్దసారు పేరు, శిక్షకుడి పేరు.

పేరు పోతే పోయిందని దిగమింగుకునేదే. కానీ తను 'నీడన మూడు రోజులు' అని రాసినచోట 'ఓవెన్‌లో పన్నెండు గంటలు' అని ఉంది. లేచి నిలబడింది.

"సార్, పొటాష్ చూసే మట్టిని ఓవెన్‌లో పెట్టకూడదండీ. ఆ వేడికి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది."

"మంచి ప్రశ్న" అన్నాడు శిక్షకుడు చిరునవ్వుతో.

"ప్రశ్న కాదండీ. అది తప్పని చెబుతున్నాను."

పెద్దసారు వెనక్కి తిరిగాడు. "ఈ ఒప్పందం కింద పన్నెండు కేంద్రాలకూ ఓవెన్లు వచ్చాయి కదమ్మా. వాటినేం చేయమంటావు, బట్టలు ఆరేసుకోమంటావా?"

హాలంతా నవ్వింది. వెనక వరుసలు కూడా. టీ ఇచ్చినప్పుడు ఆమె కప్పు అలాగే పక్కన పెట్టేసింది. దొంగతనం ఒక ఎత్తు, దొంగిలించినదాన్ని పాడుచేసి మళ్లీ తనకే నేర్పడం ఒక ఎత్తు.

చివరి రోజు సర్టిఫికెట్‌తో పాటు ఒక కాగితం ఇచ్చారు. శిక్షణకు ముందు నైపుణ్యం పదికి రెండు, తర్వాత తొమ్మిది. అంకెలు ముందే అచ్చయి ఉన్నాయి, సంతకం పెడితే సరి. మట్టక్క రెండు అంకెలూ కొట్టేసి, 'ముందెంతో ఇప్పుడూ అంతే. మీరు చూపించింది నా రాత, చెడగొట్టి' అని రాసింది.

పెద్దసారు ఆమెను పక్కకు పిలిచాడు. "సంస్థ సామర్థ్యం పెరిగిందని చూపించకపోతే రెండో విడత డబ్బు రాదమ్మా. ఇంకో కాగితం ఇప్పిస్తాను, సంతకం పెట్టు."

"రాకపోతే మానె సార్" అంది. సర్టిఫికెట్ కుర్చీలోనే వదిలేసి బస్సెక్కింది. ఆమె పేరున ఆ సంతకం ఆయనే ఇంకొకరిచేత పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది. ఎవరిచేతో ఆమె అడగలేదు. అడగాలంటేనే అసహ్యం వేసింది.

మట్టక్క గదితో సహా అన్నిచోట్లా ఓవెన్లే వాడాలని ఉత్తర్వు వచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి అన్ని కేంద్రాల లెక్కల్లోనూ పొటాష్ పుష్కలంగా తేలింది. పొటాష్ ఎరువు వేయనక్కర్లేదని రైతులకు చెప్పారు. పైరు ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయాయి. రైతులు గోనెసంచుల్లో మట్టి తెచ్చి కేంద్రం మెట్లమీద కుమ్మరించి వెళ్లారు. బాబాయ్ దాన్నంతా ఎత్తి నీడన పరిచాడు.

అయినా ఎవరి మీదా చర్య లేదు. రెండో విడత మంజూరైంది. 'పొటాష్ పరీక్షలో లోపాల సవరణ', మళ్లీ అదే శిక్షకుడు. నేర్చుకునేవాళ్ల జాబితాలో మట్టక్క పేరు మొదటిది.

"వెళ్లను సార్" అంది.

"సహకరించని ఉద్యోగి అని రాయాల్సి వస్తుంది."

"రాయండి."

ఆయన రాశాడు. ఆ ఏడు ఆమెకు రావాల్సిన పదోన్నతి ఆగిపోయింది.

వారం తర్వాత వేరే కేంద్రం నుంచి ఒక టెక్నీషియన్ తనంతట తాను బస్సులో వచ్చింది. చంకలో మట్టి సంచి. గుమ్మంలోనే ఆగిపోయి, "అక్కా, ఆరోజు హాల్లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను" అంది తలొంచుకుని.

పర్వాలేదని మట్టక్క అనలేదు. పర్వా ఉంది మరి.

"నవ్వడం చూశాను. ముందు ఆ ట్రేలు కడుగు" అంది.