మొదటి కాన్పు గడి

మా అమ్మ ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది కూడా ఏడాదిలోపు పోతుందని డాక్టర్ చెప్పాక మాత్రం ఒకటి అడిగింది. మన వాళ్లందరినీ ఒక్క కాగితం మీద చూడాలి, అందులో తన మొదటి కాన్పులో, నాకంటే ముందు పుట్టి పోయిన బిడ్డ కూడా ఉండాలి. ఆ బిడ్డ బతికింది రెండు గంటలు. పేరు పెట్టలేదు.

ఇదేం పెద్ద పని అనుకున్నాను. నాకు అన్నీ అలాగే అనిపిస్తాయి, మెడకు చుట్టుకున్నాక గానీ తెలియదు. తమ్ముడు ఫోన్లో వంశవృక్షం గీసే ఒక ప్రోగ్రాం పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు. పగలంతా మందుల గోదాములో స్టాకు లెక్కలు కంప్యూటర్లో ఎక్కించడం, ఇంటికొచ్చి మళ్లీ కీబోర్డు ముందు కూలబడడం. మూడు వారాల్లో నూట పన్నెండు మందిని ఎక్కించాను. మేనత్తల మనవల దగ్గరికొచ్చేసరికి ప్రాణం విసిగిపోయింది.

ఆఖర్న ఆ బిడ్డ. పేరు లేకపోయినా ఒప్పుకుంది గానీ, ఆడో మగో చెప్పందే ప్రోగ్రాం ముందుకు కదలనంది. గోదాములో మాకిది రోజూ ఉండేదే. గడి నిండకపోతే ఏదో ఒకటి నొక్కేస్తాం, తర్వాత సరిచేస్తాం. ఆడ అని నొక్కాను. సరిచేయడం మర్చిపోయాను.

అమ్మ భూతద్దం పెట్టుకుని కాగితమంతా చదివింది. ఆ గడి దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"ఆడపిల్లా? నీకెవరు చెప్పారే? ఆస్పత్రిలో కాగితాలు దొరికాయా?"

అమ్మకు తెలియదన్న సంగతే నాకు తెలియదు. తను మత్తులో ఉండగానే బిడ్డను తీసుకుపోయారట. చెబితే ఇంకా ఏడుస్తుందని ఎవరూ చెప్పలేదట. చెప్పగలిగిన వాళ్లంతా ఇప్పుడు లేరు. యాభై రెండేళ్ల కిందటి మాట. గడి కదలక నొక్కేశానని ఒప్పుకున్నాను. అమ్మ చెయ్యి వదిలేసి, అలిసిపోయి ఉంటావులే అంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం నుంచి వేరే ప్రోగ్రాం కోసం వెతుకులాట. ఒకటి మన వాళ్లందరినీ తన వెబ్‌సైటులో పెట్టమంది, ఇంటి సంగతులు ఊరందరి ముందూ పరవడానికి అమ్మ ఒప్పుకోదు. ఇంకోదాంట్లో తెలుగు అక్షరాలు ముక్కలు ముక్కలయ్యాయి. మరొకటి ఆరేళ్లుగా పట్టించుకునే దిక్కు లేక అసలు తెరుచుకోనే లేదు. నాలుగోది ఓపెన్ సోర్స్‌ది. ఎవరో తీరిక వేళల్లో రాసి అందరికీ వదిలేశారు, ఎక్కించినదంతా మన కంప్యూటర్లోనే ఉంటుంది. చూడ్డానికి సర్కారు ఫారంలా ఉంది. ఆ గడిలో మాత్రం ఆడ, మగ, వాటి కింద ఇంకొకటి, 'తెలియదు' అని.

పాత ఫైలు అందులోకి మార్చితే సగం తేదీలు తారుమారయ్యాయి. మళ్లీ కూర్చుని దిద్దే ఓపిక ఆ పూటకి నాకు లేదు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, మూడూ చదివి వినిపించాను.

"తెలియదని కూడా రాయనిస్తుందా?"

"రాయనిస్తుందమ్మా."

తనే నొక్కుతానంది. మౌస్ మీద తన వేలు పెట్టించాను. నొక్కింది.

"ఆవేళ నువ్వు నిజం చెప్పేలోపు," అంది, "మనసులో దానికి జడ కూడా వేసేశానే."