పైవాళ్ళు పోగా మిగిలిన పతకం

మా ఆవిడ మొదటిసారి నా షాపుకి వచ్చింది గడ్డం గీయించుకోవడానికి.

ఎగతాళికి చెప్పడం లేదు. నాది మూడు కుర్చీల సెలూన్. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకునే టైము. అలాంటి టైములో ఒకామె తిన్నగా లోపలికొచ్చి అద్దం ముందు కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. భుజాలు తలుపంత వెడల్పు. మెడకి చుట్టుకున్న స్కార్ఫు విప్పి, "బ్యూటీ పార్లర్‌కి వెళ్తే అందరూ మూగి చూస్తున్నారు. మీకైతే రోజూ ఉండే పనే కదా. నవ్వకుండా కానిచ్చేయండి," అంది. గొంతు నా గొంతుకంటే ఒక మెట్టు కిందే ఉంది.

నేను నవ్వలేదు. నురగ పట్టించి, కొత్త బ్లేడు వేసి, పెళ్ళికొడుక్కి చేసినంత శ్రద్ధగా చేశాను.

"మా అమ్మకీ ఇంతే. వంశంలోనే ఉంది," అంది, నేను అడక్కుండానే.

పది రోజులకోసారి వచ్చేది. ఎనిమిది నెలలు అలా గీశాక పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళయ్యాక నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. మా అమ్మ ముందు మాత్రం మీరు అంటుంది, అదీ గుర్తొస్తేనే.

తను వెయిట్‌లిఫ్టర్. నాకు పరిచయమయ్యే నాటికి మానేసింది. ఏడేళ్ళు ఒక క్లబ్బులో జీతానికి బరువులెత్తింది. దేశం మొత్తానికీ పెద్ద పోటీలో ఒకసారి ఆరో స్థానం వచ్చింది. ఆరో స్థానానికి పతకం ఉండదు కదా, ఒక సర్టిఫికెట్టూ ఒక తువ్వాలూ ఇచ్చారు. తువ్వాలు బాగా మన్నింది. ఇప్పుడు ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. తడి దుప్పట్ల మూట ఇద్దరు మగవాళ్ళు ఆపసోపాలు పడుతూ మోస్తారు. మా ఆవిడ ఒక్కతే ఎత్తి డ్రయ్యర్లో పడేసి, వాళ్ళకేసి జాలిగా చూస్తుంది.

లాండ్రీలో మిషన్ల మోతకి ఫోను వినపడదని తన నంబరు బదులు నా షాపు నంబరే అందరికీ ఇస్తుంది. కాబట్టి ఆ కబురు ముందు విన్నది నేనే. ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు గొంతు మీద కత్తి పెట్టి ఉన్నాను. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కాను.

"క్రీడా కమిటీ నుంచి ఆఫీసర్ని. అభినందనలు. మేడంగారు ఆరో స్థానం నుంచి నాలుగో స్థానానికి వచ్చారు," అన్నాడు అవతలాయన.

"ఎప్పుడు ఎత్తిందండీ? పొద్దున నా పక్కనే నిద్ర లేచిందే!"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. అప్పట్లో పోటీ అయ్యాక అందరి దగ్గరా మూత్రం తీసుకుని, సీసాల్లో పెట్టి, ఫ్రిజ్జుల్లో పదేళ్ళపాటు దాస్తారట. ఇప్పుడు కొత్త మిషనొచ్చింది. పాత సీసాలు తీసి చూస్తే ఒకటో నంబరూ మూడో నంబరూ స్టెరాయిడ్లు వాడినట్టు తేలింది. వాళ్ళని జాబితాలోంచి కొట్టేశారు. కిందవాళ్ళు పైకి జరిగారు.

ఫోను పెట్టేశాక హెడ్‌మాస్టరు నురగ మూతితోనే, "పదేళ్ళనాటి ఉచ్చ దాచారా? నా సర్వీసు రిజిస్టరు నాలుగేళ్ళకే పోగొట్టారయ్యా!" అని బాధపడ్డాడు.

ఆ రోజు షాపుకి వచ్చిన వాళ్ళందరికీ టీ తెప్పించాను. సాయంత్రం తనకి చెప్తే ముఖంలో ఏ కదలికా లేదు.

"ఎవరెవరి సీసాలు చూస్తున్నారట?" అంది.

"అందరివీ."

వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆనందంలో ఏం చేస్తుందో తెలియడం లేదనుకున్నాను. అంత తెలివి నాది.

మూడు నెలలకి ఆఫీసరు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నాలుగో నంబరూ ఎగిరిపోయింది. "మీ ఆవిడ ఇప్పుడు మూడో స్థానం. కాంస్య పతకం. వచ్చే నెల సభ పెట్టి ఇస్తాం," అన్నాడు.

నేను షాపు వదిలేసి లాండ్రీకి పరుగెత్తాను. డ్రయ్యర్ల మధ్య నిలబడి అరిచి చెప్పాను. అక్కడివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తను మాత్రం నా రెక్క పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటికి లాక్కుపోయింది. మా ఆవిడ లాగితే ఎవరైనా వెళ్ళాల్సిందే.

"నేనూ వాడాను," అంది.

"ఏంటి?"

"మా కోచ్ ఇచ్చేవాడు. ఎర్ర బిళ్ళలు. విటమిన్లనేవాడు. మొదటి నెల నమ్మాను."

"రెండో నెల?"

"రెండో నెల పదిహేను కిలోలు ఎక్కువ ఎత్తాను. విటమిన్ బిళ్ళకి పదిహేను కిలోలు ఎవరెత్తుతారు? తెలిసే మింగాను. అక్కడ అందరూ మింగేవాళ్ళే. మింగనివాళ్ళని క్లబ్బు మర్నాడే పంపించేసేది. నెలసరి ఆగిపోయింది. గొంతు మారిపోయింది. గడ్డం వచ్చింది. ఆరో స్థానం వచ్చింది."

"వంశంలో ఉందన్నావు కదా!"

"మా అమ్మ గడ్డం నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. మా అత్తగారి గడ్డం నున్నగా ఉంటుంది. ఆ సంగతి పెళ్ళికి ముందు నుంచీ నాకు తెలుసు. నా వృత్తే అది. అయినా అడగలేదు.

అప్పుడే ఇంకో సంగతి నెత్తిన పడింది. మాకు పిల్లల్లేరు. నాలుగేళ్ళు డాక్టరమ్మ చుట్టూ తిరిగాం.

"ఏవైనా మందులు వాడావా అని డాక్టరమ్మ అడిగింది కదా నిన్ను?"

"అడిగింది."

"లేదన్నావు."

"అన్నాను," అంది నేలకేసి చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఇన్నాళ్ళూ నింద మోసింది నేను. మా అమ్మ లోకంలో ఏ అత్తా చేయని పని చేసింది, కోడల్ని వదిలేసి కొడుకుని పట్టుకుంది. "అది ఎంత దిట్టంగా ఉందో చూడు. లోపం దానిదెలా అవుతుంది? నీదేరా," అని తేల్చేసి, ఎవరు ఏం చెప్తే అది తెచ్చి నా చేత తాగించింది. చేదు పొడులు, నల్ల టానిక్కులు, గుర్రం వాసనొచ్చే కషాయం. అన్నీ ముక్కు మూసుకుని తాగాను. నేను తాగుతుంటే మా ఆవిడ పక్కనే నిలబడి మంచినీళ్ళ గ్లాసు అందించేది!

మూడు రోజులు తనతో మాట్లాడలేదు. రెండో రోజు కోపంలో ఒక కస్టమరు మీసం సగం లేపేశాను. మిగతా సగం కూడా తీసేసి, ఇలాగే బాగుందండీ అని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు తను వచ్చింది. ఖాళీ కుర్చీలో కూర్చుని, "ఆ ఆఫీసరుకి ఫోన్ చెయ్యి. నువ్వూ విను," అంది. చేసి స్పీకరు పెట్టాను.

"సార్, నేను కూడా వాడాను," అంది తను.

అవతల కాగితాలు తిప్పుతున్నట్టు వినపడింది.

"అమ్మా, ఫ్రిజ్జులు మార్చేటప్పుడు మీ సీసా పగిలిపోయింది. పరీక్ష చేయడానికి ఏమీ లేదు. పరీక్షలో దొరకకపోతే వాడనట్టే."

"నేనే చెప్తున్నాను కదా సార్."

"మీరు చెప్తే చెల్లదమ్మా. సీసా చెప్పాలి."

"సీసా పగిలిపోయిందంటున్నారుగా?"

"అందుకే మీరు క్లీను. చూడండమ్మా, హాలు బుక్ చేశాం, బ్యానరు రాయించాం, ముఖ్య అతిథిగా టూత్‌పేస్టు కంపెనీ ఓనరు ఒప్పుకున్నారు. మీరొచ్చి నిలబడితే చాలు. ఇప్పటిదాకా తొమ్మిదేళ్ళు ఊరుకున్నారు కదా, ఇంకో నెల ఊరుకోండి."

ఫోను పెట్టేశాక తను నాకేసి చూసింది. నిజం చెప్తున్నాను, నాకు ఆ పతకం మీద ఆశ పోలేదు. అద్దం పక్కన మేకు ఎక్కడ కొట్టాలో కూడా చూసి పెట్టుకున్నాను. "పైవాళ్ళంతా మింగినవాళ్ళే కదా. మింగినవాళ్ళలో నువ్వు మూడో దానివి. వేసుకో, తప్పేం లేదు," అన్నాను. తను కుర్చీలోంచి లేచి లాండ్రీకి వెళ్ళిపోయింది.

సభకి వెళ్ళాం. ప్లాస్టిక్ కుర్చీలు, వెనక "మచ్చ లేని క్రీడ" అని బ్యానరు. మూడు మెట్ల దిమ్మెకి ముందు రోజే రంగు వేశారేమో, ఇంకా ఆరలేదు. ఎక్కినవాళ్ళ బూట్లు అతుక్కుని చప్పుడు చేస్తున్నాయి. రెండో నంబరు పై మెట్టెక్కింది, అయిదో నంబరు రెండో మెట్టు, మా ఆవిడ మూడో మెట్టు. ముఖ్య అతిథి పళ్ళ గురించి ఒక పావుగంట మాట్లాడాడు. ఆ తర్వాత మెడలో పతకాలు వేయడానికి కమిటీ తరఫున ఒక పెద్దాయన లేచాడు. తెల్లజుట్టు, మెరిసే బూట్లు.

మా ఆవిడ ఒక్కసారి బిగుసుకుపోవడం నాకు మూడో వరసలోంచి కనిపించింది. ఆ పెద్దాయన తన పాత కోచ్. బిళ్ళల కోచ్. ఇప్పుడు కమిటీ మెంబరట.

ఆయన నవ్వుకుంటూ వచ్చి, తన మెడలో పతకం వేసి, చెవి దగ్గర ఏదో అన్నాడు. తర్వాత తను చెప్పింది, "చెప్పానా, ఎప్పటికైనా ఫలితం ఉంటుందని," అన్నాడట.

అంతే. తను మెట్టు దిగి, టూత్‌పేస్టు ఓనరు ముందున్న మైకు లాక్కుంది. "ఈ పతకంలో సగం ఈయనదండీ. బిళ్ళలు ఈయనవి, మింగింది నేను," అంది.

ఎవరో పరుగున వెళ్ళి మైకు కట్టేశారు. కానీ ఆ గొంతుకి మైకుతో పని లేదు. క్లబ్బు పేరు, బిళ్ళ రంగు, రోజుకి ఎన్ని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, అన్నీ హాలు చివరి కుర్చీదాకా చెప్పింది. "పిల్లలు పుట్టలేదు. నా మొగుడు తనలో లోపమనుకుని నాలుగేళ్ళు చేదు పొడులు తాగాడు," అని కూడా చెప్పింది. హాలంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది. కుర్చీ కింద దూరదామంటే ప్లాస్టిక్ కుర్చీల కింద చోటుండదు. సిగ్గేసింది. అయితే నెల రోజులుగా లోపల మిగిలున్న కోపం మాత్రం ఎటో దిగిపోయింది. రెండో నంబరు బ్యానరు కేసి చూస్తోంది, అయిదో నంబరు బూట్ల కేసి చూస్తోంది. కోచ్ ముఖ్య అతిథితో, "అమ్మాయికి ఒంట్లో బాగాలేదు," అంటున్నాడు.

తను పతకం తీసి ఆయన చేతిలో పెట్టి దిగి వచ్చేసింది.

పేపర్లో పడింది. దాంతో, మనిషి చెప్తే చెల్లదన్న కమిటీకి పేపరు చెప్తే చెల్లింది. కోచ్ ఆరోగ్య కారణాల వల్ల పదవిలోంచి తప్పుకున్నాడు. ఆ ఆరోగ్యం ఎవరిదో రాయలేదు. మా ఆవిడకి ఒక ఉత్తరం వచ్చింది, నాలుగేళ్ళపాటు ఎలాంటి పోటీలోనూ బరువులెత్తకూడదని. లాండ్రీ సూపర్‌వైజరు అది చదివి, "దుప్పట్లు ఎత్తొచ్చా అని రాసి అడుగు," అన్నాడు.

మా అమ్మకి తనే వెళ్ళి చెప్పింది. మా అమ్మ చాలాసేపు ఆలోచించి, "అయితే నా కొడుకు బంగారమన్నమాట," అంది ముందు. ఆ తర్వాత కోడలి వీపు మీద ఒక్కటి వేసి, "ముందే చెప్పుంటే వాడికి ఆ గుర్రం కషాయం తప్పేది కదే!" అంది. ఆ దెబ్బకి మా అమ్మ చేతికే నొప్పి పుట్టింది.

ఆ వారంలోనే షాపుకి ఇంకో ఫోనొచ్చింది. పోటీలో ఏడో స్థానం వచ్చినావిడ. మా ఆవిడ పక్కనే ఉంది.

"నిన్నెవరు మాట్లాడమన్నారే? నోరు మూసుకుని మెడలో వేసుకోవచ్చుగా! నీ సీసా పగిలింది, నాది నిక్షేపంగా ఉంది. ఇప్పుడు మూడో స్థానం నాకొస్తుంది, నా సీసా తీస్తారు. నేను స్కూల్లో ఆటల టీచర్ని. నా గతేంటి?" అని దులిపేసి ఫోను పెట్టేసింది.

పది నిమిషాలకి మళ్ళీ అదే నంబరు. ఈసారి గొంతు తగ్గింది. "నీకూ పిల్లల్లేరటగా? పేపర్లో చదివాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్తున్నావు?"

గంటసేపు మాట్లాడుకున్నారు. ఆవిడకి ఇచ్చిన బిళ్ళలు పసుపు రంగువట.

ఆవిడ సీసా తీయలేదు. ఈ గొడవలో పదేళ్ళ గడువు దాటిపోయింది. గడువు దాటిన సీసాలు పారబోయాలని రూలుందట, పారబోశారు. కాంస్య పతకం ఆవిడకే వచ్చింది. మెడలో వేసుకుని నవ్వుతున్న ఫొటో పేపర్లో చూసి నేను చిందులు తొక్కాను. "సిగ్గుండాలి! నువ్వు వదులుకుంటే ఇది తగిలించుకుంది!"

"తగిలించుకోనీ. నేను వదులుకుంది అది తీసుకోకూడదని కాదు," అని పేపరు మడిచి, చెప్పులు వేసుకుంది. ఆస్పత్రికి టైమైంది.

డాక్టరమ్మ మమ్మల్ని చూసి, "మళ్ళీ వచ్చారా? పాత పరీక్షలే కదా, కొత్తగా ఏమైనా ఉందా?" అంది.

"ఉంది మేడం," అని మా ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుని, మొదటి బిళ్ళ నుంచి మొదలుపెట్టింది. డాక్టరమ్మ మధ్యలో ఒకసారి కళ్ళద్దాలు తీసి మా ఇద్దర్నీ కలిపి తిట్టింది. తిట్టడం అయ్యాక, ఆశ పెద్దగా పెట్టుకోవద్దనీ, అసలు లేదని కూడా అనుకోవద్దనీ చెప్పి, "ఊఁ, తర్వాత?" అంటూ కాగితం తిప్పి వెనక పేజీలో రాసుకోసాగింది.